ఏడో పేరు తర్వాత

పోయిన ఆదివారం మా తెలుగు ఆరాధనలో ఒక చిన్నపాప కంఠస్థ వాక్యం అప్పజెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఆగిందో లేదో అందరూ అందించేవాళ్ళే. వాళ్ళమ్మ ముందు వరసలోంచి పెదవులు కదిపింది. సండేస్కూలు టీచరు గుసగుసలాడింది. వెనకనుంచి ఒకాయన ఏకంగా పైకే చెప్పేశాడు. పాప గబగబా మిగతాది ముగించి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళి కూచుంది. ఆ పిల్లను కాసేపు అలా వదిలేస్తే బాగుండేదని నాకొక్కదానికే అనిపించింది. ఎందుకనిపించిందో తిరుగుదారిలో, ఢిల్లీ మునిర్కా దగ్గర బస్సు ఆగినప్పుడు తెలిసింది. మాట మధ్యలో ఆగిన మనిషికి మాట అందించడం ఒక్కోసారి ఎంత అన్యాయమో నేనొకరి దగ్గర చూశాను. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది.

సంఘంలో అందరూ ఆవిడని ఆంటీ అనేవారు. నేను అమ్మగారూ అనేదాన్ని. ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేరి, అక్కడే తల నెరిసి, రిటైరైన మనిషి. వసంత్ కుంజ్‌లో కొడుకు ఫ్లాటులో ఉండేవారు. కొడుకు ఒక ప్రభుత్వ కార్యాలయంలో మంచి హోదాలో ఉన్నాడు.

మాట్లాడుతూ మాట్లాడుతూ మన మణికట్టు పట్టుకునేవారు. కొత్తలో ప్రేమ అనుకున్నాను. నాడి చూస్తున్నారని తర్వాత తెలిసింది. "తొంభై ఆరు. ఎవరితో పోట్లాడొచ్చేవే?" అని అడిగారొకసారి. నిజంగానే ఆ పొద్దున పాలవాడితో గొడవపడి ఉన్నాను. ఎవరి మంచం మీదా కూచునేవారు కాదు, తన మంచం మీద ఎవరినీ కూచోనిచ్చేవారు కాదు. "మంచం రోగిది. రోగి నేకపోతే దుప్పటిది" అనేవారు, 'లే'ని 'నే' అనే తన కొండయాసలో. ఏ ఇంటికి వెళ్ళినా అక్కడి పక్క దుప్పటి మూలలు నాలుగూ లాగి, మడిచి, బిగించి గాని కుర్చీలో కూచునేవారు కాదు. కొందరు ఇల్లాళ్ళకు అది అవమానంగా ఉండేది. నాకు మాత్రం ఆవిడ వచ్చి వెళ్ళిన రోజు పిల్లలు హాయిగా నిద్రపోయినట్టుండేది.

జనవరి చలిలో మేమంతా స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకుని వణుకుతుంటే ఆవిడ నూలు చీరలో కిటికీ తెరుచుకుని కూచునేవారు.

"అమ్మా, నిమోనియా వస్తుంది" అనేవాడు కొడుకు.

"దానికి మన అడ్రసు నేను చెప్పను. నువ్వూ చెప్పకు."

ఆవిడకు ఢిల్లీ మీద ఒకటే ఫిర్యాదు. ఊరంతా పళ్ళెంలా ఉంటుందని. "ఇదేం ఊరే, ఎంత దూరం పోయినా ఎక్కడం అన్నదే నేదు" అనేవారు. ఆటోలో ఫ్లైఓవరు మీదికి రాగానే డ్రైవరు భుజం తట్టేవారు. "ధీరే, భయ్యా, ధీరే. పహాడ్ ఆయా." కొండ వచ్చింది, మెల్లగా పోనీ అని. ఒక్కొక్కడు నవ్వేవాడు, ఒక్కొక్కడు పిచ్చిది కాబోలని నావైపు చూసేవాడు. ఫ్లైఓవరు దిగేదాకా ఆవిడ మాట్లాడేవారు కాదు.

ఆవిడ పుట్టింది విశాఖ ఏజెన్సీలో ఒక చిన్న కొండ ఊళ్ళో. కాగితాల మీద దానికేదో పేరుంది గాని ఆవిడ నోట ఎప్పుడూ అది పైఊరే. ఆ ఊరు వాళ్ళ తాత కట్టింది. మైదానంలో ఒక కామందు దగ్గర పాలేరుగా చేసి, దూరంగా నిలబడి, దూరంగా తిని బతికిన మనిషాయన. కొత్తగా నమ్ముకున్న దేవుణ్ణి, నాలుగు కుటుంబాలను, ఒక ఆవును, ఒక ఉప్పుమూటను వెంటబెట్టుకుని కొండెక్కేశాడు. మొత్తం పదకొండుమంది. మూడు రోజుల నడక. నిప్పు ఆరిపోకుండా కుండలో పిడకలు వేసుకుంటూ మోసుకెళ్ళారట. గుడ్డి సమూయేలు అనే ఆయన ఆవు తోక పట్టుకుని ఎక్కాడట. "ఆవుకి కాలు జారితే మాకో తాత తక్కువయ్యేవాడు" అని నవ్వేవారు.

ఆ ఇంటివాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఏటా కోతల పండగనాడు కొత్త రాగులు దేవుని సన్నిధిలో పెట్టేముందు, ఇంటికి పెద్దయినవాళ్ళు లేచి, కొండ కిందినుంచి వచ్చే దారివైపు తిరిగి, ఎక్కినవారి పేర్లు చెప్పాలి. ఎవరు ముందు పైకి చేరారో ఆ వరసలోనే చెప్పాలి. చెబుతున్నంతసేపూ దగ్గు వచ్చినా మింగుకోవాల్సిందే. ఏడు పేర్లు చెప్పి ఆగాలి. కాసేపటికి ఎనిమిదో పేరు అందుకోవాలి. ఆ ఆగడం కూడా ఆచారంలో భాగమే. తాత ఆగాడు గనుక నాన్న ఆగాడు, నాన్న ఆగాడు గనుక అన్న ఆగాడు. అన్న కూడా పోయాక ఆవిడే పెద్దయ్యారు. ఢిల్లీలో కొండదారి లేదు కాబట్టి బాల్కనీవైపు తిరిగి చెప్పేవారు.

"ఎందుకాగుతారండీ?" అని నేను మొదటిసారి విన్నప్పుడు అడిగాను.

"ఏడో పేరు మా నాయనమ్మది. ఎక్కిన రెండో ఏడే కొండజ్వరంతో పోయింది. తాతకి గొంతు పట్టుకునేదని చెప్పుకుంటారు."

ఆ 'చెప్పుకుంటారు' అన్న మాటను నేను పట్టించుకోలేదు.

పైఊళ్ళో ఏదో పెద్ద వేడుక చెయ్యబోతున్నారని, అప్పటికి తమ కుటుంబ చరిత్ర పుస్తకంగా వెయ్యాలని కొడుకు సంకల్పించాడు. అది రెండువేల ఐదు చివర. ఆవిడ చెబితే రాసేవాళ్ళు కావాలి. ఢిల్లీలో తెలుగు చక్కగా రాసేవాళ్ళు ఎందరో ఉన్నా ఆవిడ నన్నే అడిగారు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు జబ్బుపడి మంచాన ఉంటే మా నాన్నగారే ఇంట్లో పలక మీద దిద్దించారు. అక్షరం వంకరపోతే పలకంతా తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టించేవారు. ఆ దస్తూరీ చూసే ఆవిడ నన్ను 'బడికెళ్ళని పంతులమ్మా' అని పిలిచేవారు. పిలిచి పని అప్పగించినందుకు నేను దేవునికి ఎన్ని వందనాలు చెప్పుకున్నానో! మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళేదాన్ని.

మొదటి వాక్యం ఆవిడ తడుముకోకుండా చెప్పారు. "మా తాత ఎక్కేనాటికి ఆ కొండమీద నరమానవుడు నేడు. రాయి."

రాశాను. పదకొండు పేర్లూ రాశాను. అడవి కొట్టడం, ఎలుగుబంటి, మొదటి గుడిసె గుడి, అన్నీ రాశాను. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం వాళ్ళ నాన్న పుట్టుకకు వచ్చాం.

"నాయనమ్మ జ్వరంతో పోయింది. అప్పటికి నాన్న మూడు నెలల పసిగుడ్డు. రాసేవా?"

"రాశానండి. మరి పాలు?"

"ఏ పాలు?"

"మూడు నెలల పిల్లాడు కదండీ. తల్లి పోయాక ఎవరు పాలిచ్చారు? ఆవు ఈనిందా?"

ఆవిడ చెయ్యి అప్పటిదాకా నా మణికట్టు మీద ఉంది. తీసేశారు. తెరిచి ఉన్న కిటికీ తనంతట తనే లేచి మూశారు. ఆ ఇంట్లో ఆవిడ కిటికీ మూయడం నేను చూడటం అదే మొదలు.

"ఆవు అప్పటికే ఒట్టిపోయింది" అన్నారు. "ఎన్నేళ్ళే, ఈ కథ ఎంతమందికి చెప్పేను! ఒక్కరూ అడగనేదు పాలెవరిచ్చారని. కొండమీద మనుషులున్నారే. మాకంటే ముందే ఉన్నారు. ఊటకి పైన నాలుగు కొంపలు. అందులో ఒకావిడ, పసిబిడ్డ తల్లి. రోజూ దిగొచ్చి మా నాన్నకి పాలిచ్చింది. తన పిల్లకొక పక్క, మా నాన్నకొక పక్క. ఊట చూపించిందీ ఆవిడే. ఏ దుంప తింటే చస్తామో చెప్పిందీ ఆవిడే."

"మరి ఆవిడ పేరు ఆ పేర్లలో..."

"అవి ఎక్కినవాళ్ళ పేర్లు కదే. ఆవిడ ఎక్కనేదు. ఆవిడ అక్కడే ఉంది."

తర్వాత చెప్పిందంతా గోడతో చెప్పినట్టు చెప్పారు. ఆవిడను గుమ్మం దాటనివ్వలేదట. బాప్తిస్మం లేదు, కల్లు తాగే జనం అని. పిల్లాణ్ణి వాకిట్లోకి తెచ్చి ఒళ్ళో పెట్టేవారట. పాలు తాగాక తీసుకుని, ఒళ్ళు కడిగి, లోపలికి తెచ్చుకునేవారట. గంజి ఆకులో పోసి దూరంగా పెట్టేవారట. "కింద మా తాతని కామందు ఎంత దూరంలో నిలబెట్టేడో, తాత ఆవిడని కొలిచినట్టు అంతే దూరంలో నిలబెట్టేడు. కొన్నేళ్ళకి ఊట పక్కనున్న పొలం చెక్క మాదయ్యింది. వాళ్ళు ఇంకా పైకి పోయేరు. ఎలాగయ్యిందని అడక్కు. నాకు చెప్పనేదు, నేనడగనేదు."

ఏడో పేరు దగ్గర తాత ఆగింది భార్య కోసం కాదట. అక్కడ ఆ మనిషి పేరు ఉండాలట. గుళ్ళో అనడానికి ఆయనకు నోరు రాలేదు, దాటిపోవడానికి మనసూ రాలేదు. ఆ సంగతి ఆవిడకు వాళ్ళ నాన్న చెప్పాడు. నర్సు ట్రైనింగుకని ఊరు విడిచి వస్తున్న రోజు, రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఘాట్‌రోడ్డు దాకా దిగి, బస్సు కోసం నిలబడి, పాలిచ్చిన ఆవిడ పేరు కూతురి చెవిలో వేశాడు. 'మీ అన్న ఆ చెక్కే దున్నుకుంటున్నాడు, వాడికి చెప్పలేను, నువ్వుంచుకో' అన్నాడు.

"విన్నానే. ఈ చెవితోనే విన్నాను. వాన పడతంది. నాన్న తలగుడ్డ తడిసి నీలం చెంపలమీదకి దిగింది. పేరు చెప్పినప్పుడు పెదాలు కలిసేయి. అంతా గుర్తుంది. పేరు నేదు. నా బుర్ర ఎక్కడుందో తెలుసా? కాళ్ళకున్న కొత్త తెల్లబూట్లమీద. బురదవుతాయని. సెలవుకెళ్ళినప్పుడు అడుగుదాం అనుకున్నాను. ఆ చలికాలమే నాన్న పోయేడు."

నేను కలం తీశాను. "ఇదంతా రాయనా అండీ?"

"రాయకు. పేరు దొరికేక రాద్దాం. మొదటి వాక్యం కూడా అప్పుడే కొట్టేద్దాం. పేరు నేకుండా రాస్తే 'ఒక కొండజాతి స్త్రీ' అని రాస్తావు. ఎంతో మర్యాదగా మళ్ళీ వాకిట్లోనే కూచోబెడతావు. వద్దు. ఆ పేర్ల దగ్గర మాత్రం ఏడోదాని తర్వాత ఒక వరస ఖాళీ వదులు."

అప్పటినుంచి ఆవిడకు వేరే పని లేకపోయింది. నేను వెళ్ళేసరికి మంచం పక్కన కుర్చీలో కూచుని పెదవులు కలుపుతూ విడదీస్తూ ఉండేవారు. ఆ కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి ఆడపిల్లకు పేరు పెట్టడం ఉందట. సోంబారి, మంగ్లి, బుదరి, గురుబారి, సుక్రి... ఒక్కొక్కటీ నాలుకమీద పెట్టుకుని, మందు చేదు చూసినట్టు చూసి, కాదని తల ఊపేవారు. "ఏడు వారాలూ అయిపోయేయే పంతులమ్మా. ఎనిమిదో వారం ఉందేటి?" అని అడిగిన రోజున నాకు ఏడుపొచ్చింది.

పైఊరి బోధకుడికి ఫోను చేయించారు. మాట సరిగా వినబడదని స్పీకరులో పెట్టాం.

"అమ్మగోరూ, ఊటకాడి పాత కొంపలోళ్ళా? ఆళ్ళిప్పుడు నేరండి. ఇంకా పైకి పోనారు, ఆ తర్వాత ఎటు పోనారో తెల్దండి."

"వాళ్ళ పిల్లలో, మనవలో... ఒక్కరైనా నేరా నాయనా?"

"నేరండి. ఎవర్నడగమంటారు? ఏం పనండీ?"

ఏం పనని చెబుతారు? ఫోను పెట్టేసి దుప్పటి మూల లాగారు. అప్పటికే బిగుతుగా ఉన్నదాన్నే మళ్ళీ లాగారు.

కాలేజీలో చదివే మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలోనే ఇస్తుంది. "దాదీ, టెన్షన్ మత్ లో. ఇంటర్నెట్ పర్ దేఖ్ లేతే హైం" అంది, కంగారు పడొద్దు, ఇంటర్నెట్లో వెతుకుదామని.

"మీ ఇంటర్నెట్‌ది ఏ ఊరే?" అన్నారు ఆవిడ. పిల్ల నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

తనే వెళ్తానని కొడుకును పట్టుకున్నారు. ఎత్తు ప్రదేశాలకు గుండె తట్టుకోదని డాక్టరు అన్నాడు. "నీ గుండెకి కొండ పడదమ్మా" అంటే, "నా గుండె తయారయిందే కొండమీదరా!" అని అరిచారు. ఆవిడ గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇక నా తప్పు చెప్పాలి.

వేసవిలో ఆవిడ కంటి శుక్లాలకు ఆపరేషను చేయించుకున్నారు. ఆ వారాల్లో నేను చిత్తు కాగితాలన్నీ ముందేసుకుని మంచి కాగితం మీద నీటుగా ఎత్తి రాశాను. పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఏడో పేరుతో సరిగ్గా పేజీ అయిపోయింది. అడుగున కాస్త ఖాళీ మిగిలింది. ఖాళీ వచ్చింది కదా అనుకుని ఎనిమిదో పేరు తర్వాతి పేజీ మొదట్లో రాశాను. పేజీ అడుగున మిగిలేది ఖాళీ కాదని, అది కాగితం అయిపోవడం మాత్రమేనని నాకు తట్టలేదు. ఎక్కడా కొట్టివేత లేకుండా రాశాననే సంతోషంలో ఉన్నాను.

కొడుకు మా ఇంటికే వచ్చాడు. "సిస్టర్ గారూ, అయిందా? ప్రెస్సువాళ్ళు విజయవాడ నుంచి తొందర పెడుతున్నారు."

"అయిందండి. అమ్మగారొక పేరు కోసం ఆగమన్నారు."

"అది పూర్తిగా వేరే విషయం. అమ్మకి వయసు. మీరు ఇవ్వండి, ప్రూఫులు వచ్చాక చూసుకుందాం."

ఇచ్చేశాను. ఆయన కాగితాలు తిరగేసి "అబ్బ, ముత్యాలండీ" అన్నాడు. ఆ సాయంత్రం మోకాళ్ళూని, నా చేత ఈ పని చేయించావు ప్రభువా అని కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ ప్రార్థన తలచుకుంటే ఇప్పటికీ తలెత్తలేను. ప్రూఫులు నా దాకా రాలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

పుస్తకాలు అక్టోబరులో వచ్చాయి. చాలావరకు నేరుగా పైఊరికి వెళ్ళాయి, నలభై కాపీలు ఢిల్లీ వచ్చాయి. ఆవిడ కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని నా ఎదుటే తెరిచారు. 'నరమానవుడు లేడు' అన్న మొదటి వాక్యం దగ్గర కాసేపు ఆగారు. పేజీలు తిప్పారు. పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కిందికి జరిపారు. ఐదు. ఆరు. ఏడు. వేలు ఆగకుండానే ఎనిమిదో పేరు మీదికి జారిపోయింది. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టారు. మళ్ళీ జారింది.

"ఖాళీ ఏదే?"

పేజీ సంగతి చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే అల్పంగా వినిపించాయి. తిడతారనుకున్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు.

"నూట పది" అన్నారు. "కూచో. మంచినీళ్ళు తాగు."

ఆ రోజు తిట్టి ఉంటే ఈ రోజు ఇది రాసేదాన్ని కాదేమో.

తర్వాత నాలుగు రోజులు మేమిద్దరం నలభై పుస్తకాలూ పరుచుకుని, నీలం పెన్నుతో, స్కేలుతో, ఏడో పేరుకీ ఎనిమిదో పేరుకీ మధ్య సన్నటి గీత గీశాం. ఉన్నది రెండు వరసల మధ్య ఎడమే. అందులో ఏం పడుతుంది? అయినా గీశాం. ఆవిడ గీస్తుంటే నేను స్కేలు పట్టుకునేదాన్ని. ఇరవయ్యో ముప్పయ్యో అయ్యాక కొడుకు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి చూశాడు.

"ఏంటమ్మా ఇది? పుస్తకాలు పాడుచేస్తున్నావు."

ఆవిడ ఆ రోజే మొదటిసారి ఆయనకు మొత్తం చెప్పారు. ఆయన కోప్పడలేదు. నేలమీద తల్లి పక్కనే కూచున్నాడు. టై వదులు చేసుకున్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ అక్కడ పట్టాల గొడవ నడుస్తోంది. మనకంటే ముందు వేరేవాళ్ళున్నారని మనమే అచ్చేసుకుంటే ఏమవుతుందో తెలుసా? అరవై ఇళ్ళున్నాయమ్మా. మామయ్య పిల్లలు, వాళ్ళ పిల్లలు. ఎక్కడికి పోతారు?"

"వాళ్ళవీ ఇళ్ళేరా" అన్నారావిడ. "ఎక్కడికి పోయేరో చెప్పు, వెళ్ళి పేరడిగొస్తాను."

ఆయన లేచాడు. గీతలు గీసినవి, గీయనివి అన్నీ ఎత్తి తన గదిలో పెట్టుకున్నాడు.

నవంబరులో వాళ్ళింట్లో కోతల పండగ కృతజ్ఞత కూడిక పెట్టారు. సంఘంవాళ్ళం ఒక పాతికమందిమి వెళ్ళాం. ఆవిడ బాల్కనీవైపు తిరిగి నిలబడ్డారు. ఏడు పేర్లు స్పష్టంగా చెప్పారు. ఆగారు. ఎప్పుడూ ఆగేంతసేపు అయింది. ఇంకా ఆగారు. పక్క ఫ్లాటులో కుక్కరు విజిలు వేసింది, కింద ఎవరో స్కూటరు స్టార్టు చేశారు. వెనకనుంచి నాకు ఆవిడ చెంప మాత్రమే కనబడుతోంది. పెదవులు కలుస్తున్నాయి, విడుతున్నాయి, కలుస్తున్నాయి. వస్తోంది, వచ్చేస్తోంది అనుకున్నాను.

"గుడ్డి సమూయేలు, అమ్మా" అన్నాడు కొడుకు మెల్లగా. తల్లి మర్చిపోయిందని, నలుగురిలో చిన్నబోకూడదని ఎంతో ప్రేమగా అందించాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు పాపం అన్నట్టు తలలూపారు. ఆవిడ వెనక్కి తిరిగి కొడుకును చూశారు. మిగతా నాలుగు పేర్లూ చెప్పకుండా వచ్చి కుర్చీలో కూచున్నారు. "ఆంటీ అలసిపోయారు" అని పాస్టరుగారు పాట ఎత్తారు. మేమంతా పాడాం. నేనూ పాడాను.

ఆ చలికాలమే ఆసుపత్రిలో చేర్చారు. ఒకప్పుడు తాను ఏలిన వార్డులాంటి దాంట్లోనే మంచం పట్టారు. ఆక్సిజను గొట్టం పెట్టినా చేత్తో తడిమి దుప్పటి మూల వదులుగా ఉందని సైగ చేసేవారు. కుర్రనర్సులు నవ్వుతూ బిగించేవారు. నేను రోజూ మధ్యాహ్నం వెళ్ళి పక్కన కూచునేదాన్ని. ఒకరోజు గొట్టం కాస్త పక్కకు జరుపుకుని నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"భయమేస్తందే."

"దేవుడున్నాడండి. భయమెందుకు?"

"ఆయనంటే భయం నేదు. ఆవిడంటే. అక్కడ ఆవిడ ఎదురవుతుంది కదా. ముందామెనే పంపుతాడు ఆయన, నాకు తెలుసు. ఏమని పిలవను?"

నాకు దేవుడే మాట అందించాడనుకున్నాను. "నాయనమ్మా అని పిలవండి. మీ నాన్నగారికి పాలిచ్చిన తల్లి కదా. నాయనమ్మను పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? వరస చాలదూ?"

ఆవిడ నా ముఖంలోకి చూశారు. కోపం లేదు. ఏమీ తెలియని రోగిని చూసినట్టు చూశారు.

"వరస ఇంట్లోవాళ్ళకే. గుమ్మం బయట నిలబెట్టినదాన్ని నాయనమ్మా అని ఏ నోటితో పిలవనే?"

 ప్రార్థన చెయ్యనా అని అడిగాను. చెయ్యమన్నారు. ఏం అడగాలో తెలియక, ఆ పేరు ఒక్కసారి, ఒక్కసారి గుర్తుచెయ్యి ప్రభువా అని మాత్రమే అడిగాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ ఇంకా పెదవులు కలుపుతూనే ఉన్నారు. మూడోనాడు మధ్యాహ్నం పోయారు. చివరిదాకా పక్కనే ఉన్న నర్సును అడిగాను, ఏమైనా అన్నారా అని. "పెదవులు కదిలాయి దీదీ, మాట రాలేదు" అంది హిందీలో.

సమాధుల తోటలో మట్టి వేసేముందు, తమ ఇంటి ఆచారం ఒకటుందని కొడుకు అందరికీ చెప్పాడు. ఇంటికి పెద్ద ఇప్పుడు ఆయనే. కోటు జేబులోంచి పుస్తకం తీశాడు. పేర్లు చదివాడు. ఏడోది అమ్మగారి నాయనమ్మ పేరు చదివి, ఊపిరైనా తీసుకోకుండా గుడ్డి సమూయేలు పేరు చదివాడు. నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆగండి అంటే వినబడుతుంది. నోరు తెరిచాను కూడా. అంతలో తొమ్మిదో పేరు వచ్చింది, పదోది వచ్చింది, పదకొండోది వచ్చింది. పాస్టరుగారు ఆమెన్ అన్నారు. మట్టి పడింది.

అందరూ కదులుతుంటే ఆయన నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పుస్తకం రెండు చేతులా పట్టుకుని అన్నాడు, "సిస్టర్ గారూ, మీరు లేకపోతే ఇది లేదు. మా అమ్మ చెప్పింది చెప్పినట్టు, ఒక్క తప్పు లేకుండా రాశారు."

నేను చేతులు జోడించి, "థాంక్సండీ" అన్నాను.